చెరిపిన సున్నా

హెడ్ కానిస్టేబుల్ వరదప్ప రోడ్డు పక్కన అడుగులు లెక్కపెడుతున్నాడు. తారు అంచు నుంచి చింతచెట్టు మొదలుకు నాలుగు. చెట్టు నుంచి కల్వర్టుకు పదకొండు. పాల సైకిలు పడిన చోటికి ఆరు. లెక్కలన్నీ అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు.

సూళగిరి దాటాక హైవే మీద పొద్దున ఐదున్నరకు ఒక లారీ పాలాయన్ని గుద్ది ఆగకుండా పోయింది. శవాన్ని కృష్ణగిరి ఆసుపత్రికి పంపేశారు. పడిన చోటు చుట్టూ రాళ్లు పెట్టి ఉన్నాయి. పాలు తారు మీద ఎండి అట్టకట్టాయి.

అది 1997 ఏప్రిల్. ప్రమాదం జరిగిన చోటల్లా పటం గీయడం ఇరవై రెండేళ్లుగా వరదప్ప పని. స్టేషన్‌లో దాన్ని రఫ్ స్కెచ్ అంటారు. రోడ్డుకు రెండు గీతలు, బండికి ఒక పెట్టె, శవానికి ఇంటూ గుర్తు, చెట్టుకు సున్నా. అంతకు మించి అక్కర్లేదు. వరదప్ప మాత్రం చెట్టును చెట్టుగా గీసేవాడు. కొమ్మ ఎక్కడ చీలింది, లారీలు రాసుకుని బెరడు ఎక్కడ ఊడింది, గూడు ఎన్నో కొమ్మ మీద ఉంది, అన్నీ ఉండేవి. మొదట చెట్టు, తర్వాత రోడ్డు, ఇంటూ గుర్తు అన్నిటికన్నా చివర. చిన్నప్పుడు గొర్రెలు మేపుతూ బండల మీద బొగ్గుతో గీసిన చెయ్యి అది. పోలీసులో చేరాక దానికి కాగితం దొరికింది.

ఆ కాగితాలన్నీ కోర్టు ఫైళ్లలోకి పోయాయి. భార్య పిల్లమ్మ ఒక్కటీ చూడలేదు. ఇంటి వెనక నేరేడుచెట్టును గీయమని ఆమె ఒకసారి అడిగింది.

"ఆడ ఎవురు సచ్చినారని గీయాల పిల్లమ్మా?" అన్నాడు.

ఈ పొద్దున స్టేషన్‌లో ఎస్.ఐ. రఘునాథ్ పోయిన వారం స్కెచ్‌ను బల్ల మీద పడేశాడు.

"చెట్టు గుద్దిందా వరదప్పా, లారీ గుద్దిందా? సున్నా చుట్టు, చాలు. ఇంకొకసారి కొమ్మలు కనపడితే ఈ పని ఇంకొకరికి ఇస్తా."

ఆ పని పోతే వరదప్పకు మిగిలేది కాపలా.

కల్వర్టు గోడ మీద అట్ట పెట్టుకుని, చెట్టు ఉండాల్సిన చోట సున్నా చుట్టాడు. తలెత్తి చూశాడు. చింతకు చిగురు వచ్చింది. కొమ్మల సందుల్లోంచి ఎండ బెరడు మీద పడి కదులుతోంది. జేబులోంచి రబ్బరు తీసి సున్నాను చెరిపాడు.

ఫోటోల కోసం వచ్చిన స్టూడియో అచ్చెన్న కెమెరాను సంచిలో పెట్టుకుంటున్నాడు.

"చెట్టు నా ఫోటోలో పడింది కదన్నా. మళ్లా గీసేదెందుకు? అదేమన్నా కోర్టుకొచ్చి సాక్షి చెప్తుందా?"

"నీ ఫోటోలో మొదలు పడింది. పైనున్నదంతా యాడికి పాయె?"

అచ్చెన్న నవ్వుకుంటూ మోపెడ్ దగ్గరికి నడిచాడు.

కాగితం మీద మొదలు వచ్చింది. పెద్ద కొమ్మలు వచ్చాయి. దగ్గర నిలబడితే చెట్టు కొన కనిపించడం లేదు. వరదప్ప అట్ట పట్టుకుని వెనక్కి ఒక అడుగు వేశాడు. కొన ఇంకా అందలేదు. తారు మీదికి మరికొన్ని అడుగులు వేశాడు. వాటిని లెక్కపెట్టలేదు. హోసూరు వైపు నుంచి గ్రానైట్ లారీ వస్తోంది. కేక వేశానని అచ్చెన్న తర్వాత చెప్పాడు.

సాయంత్రం రఘునాథ్ అదే కాగితం ముందు పెట్టుకున్నాడు. రోడ్డుకు రెండు గీతలు గీశాడు. ఎర్ర పెన్నుతో రెండు ఇంటూ గుర్తులు పెట్టి, మధ్య దూరం రాశాడు. చెట్టును చెరపలేదు.

రెండేళ్లకు వరదప్ప చావు కేసులో కృష్ణగిరి కోర్టుకు పిల్లమ్మను పిలిచారు. గుమాస్తా ఫైలు విప్పి కాగితం చూపించాడు. ఆమె చూపు ఎర్ర గుర్తుల దగ్గర ఆగలేదు.

"ఆయప్ప గీసేది ఇదేనా?" అని అడిగింది.

గుమాస్తా అవునన్నాడు. ఫైలుకు మళ్లీ దారం కట్టాడు. లోపల ఆ కాగితం మీద చింతచెట్టు కుడి కొమ్మ ఒకటి సగంలో ఆగింది. కొమ్మల వెనక చెరిపిన సున్నా మరక ఇంకా కనిపిస్తుంది.