ఖానాపూర్ వరకు

నరేశ్ ఇచ్చిపోయిన కార్డు చదివినప్పటి నుంచి ఇనాయతుల్లాకు కుదురు లేదు. కుర్చీలో కూర్చుంటాడు, లేస్తాడు, గుమ్మం దాకా పోయి వీధి అటూ ఇటూ చూసి వస్తాడు. చాయ్ సగం తాగి పెట్టేస్తాడు, చల్లారాక మళ్లీ వేడి చేయమంటాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, రెండు మోకాళ్లూ అరిగిపోయినవాడు, ఆ రెండు గదుల ఇంట్లోనే పొద్దుటి నుంచి ఒక మైలు నడిచి ఉంటాడు.

"కూసోండి జర, నా కండ్లు తిరుగుతున్నయి" అంది భార్య షహర్ బానో. "రేపు శాలువ కప్పుతమంటే ఎవలైన సంబురపడ్తరు. మీకేందో పరేషానీ."

"కప్పనీ, కప్పనీ" అన్నాడు గాని, ఏం కప్పుతారో ఆయనకు తెలుసు.

కరీంనగర్‌లో ఆదివారాలు సైకిళ్లు తొక్కే కుర్రాళ్ల సంఘం ఒకటుంది. నరేశ్ దానికి కార్యదర్శి. యాభై ఏళ్ల కిందట, డెబ్బై నాలుగులో, లక్సెట్టిపేట నుంచి ఇద్దరు మామూలు సైకిళ్ల మీద ఢిల్లీ పోయి తిరిగొచ్చారని వాళ్లకెక్కడో తెలిసింది. వెతుక్కుంటూ వచ్చి, ఇనాయతుల్లా ట్రంకుపెట్టెలోని ముద్రల పుస్తకం చూసి, కళ్లకద్దుకున్నంత పని చేసి, లక్సెట్టిపేటలోనే సన్మానం పెట్టారు. కార్డు మీద ఇలా అచ్చేశారు: ఢిల్లీ యాత్ర పూర్తి చేసిన ధీరుడు జనాబ్ ఇనాయతుల్లా. తోడు వెళ్లినవారు శ్రీ బాలమల్లు, తిరుగు ప్రయాణంలో ఖానాపూర్ వరకు.

ఆ చివరి రెండు మాటలే ఆయన్ని కూర్చోనివ్వడం లేదు. నరేశ్‌కు ఫోన్ చేశాడు.

"అరే బేటా, ఖానాపూర్ వరకు అని ఎవలు రాయుమన్నరు?"

"మీ పుస్తకం చూసే రాసినం చాచా. ఖానాపూర్ ముద్ర కాడ ఇద్దరి పేర్లున్నయి. లక్సెట్టిపేట ముద్ర కాడ మీదొక్కటే ఉన్నది. రికార్డు రికార్డే గద!"

రికార్డట! ఇనాయతుల్లాకు ఫోన్ విసిరికొట్టాలనిపించింది. ఆ రోజుల్లో దూరాలు తొక్కేవాళ్లు ఊరూరా ఠాణాలోనో తపాలాఫీసులోనో ఒక ముద్ర వేయించుకునేవాళ్లు. అది లేకపోతే పోయొచ్చామంటే ఎవడు నమ్ముతాడు? నాగపూర్ దాటాక అంతా హిందీయే కాబట్టి, ఉర్దూ వచ్చిన ఇనాయతుల్లాయే ప్రతిచోటా మాట్లాడేవాడు, పుస్తకమూ ఆయన సంచీలోనే ఉండేది. బాలమల్లు పద్మశాలీల పిల్లవాడు, మగ్గం ముందు పుట్టి మగ్గం ముందే పెరిగినవాడు. మాట తక్కువ, కాలి బలం ఎక్కువ.

జరిగింది ఇదీ. ఖానాపూర్‌లో తెల్లారి ముద్ర పడ్డాక, "నువ్వు నడువు, చైన్ సరిచేసుకొని వస్త" అన్నాడు ఇనాయతుల్లా. చైన్‌కేం కాలేదు. జ్వరమూ లేదు, కాలూ బెణకలేదు. రెండు నెలలుగా తొక్కీ తొక్కీ విసుగొచ్చింది, అంతే. ఇంకా అరవై కిలోమీటర్ల అడవి దారి. ఇంతలో వెదురు లారీ ఒకటి ఆగింది. సైకిల్ పైకెత్తించి తానూ ఎక్కాడు. దారిలో లారీ బాలమల్లును దాటింది. బాలమల్లు తలెత్తి చూశాడు. ఇనాయతుల్లా రుమాలు మొహం మీదికి లాక్కున్నాడు.

ఊరి బయట దిగి, సైకిలెక్కి, పొద్దు నడినెత్తికి రాకముందే లక్సెట్టిపేటలో ప్రవేశించాడు. బ్యాండు మోగింది, మెడ నిండా దండలు పడ్డాయి. ఆ గుంపులోనే షహర్ బానో నాన్న ఉన్నాడు, పిల్లనిచ్చేశాడు. బాలమల్లేడని అడిగితే, "వెనుక వస్తుండు, పాపం అలిసిండు" అన్నాడు. బాలమల్లు దీపాలు పెట్టేవేళకు వచ్చాడు. అప్పటికి తపాలాఫీసు మూసేశారు, బ్యాండువాళ్లు కూడా వెళ్లిపోయారు. అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మర్నాడు కాదు, ఆ ఏడాది కాదు, ఇప్పటిదాకా చెప్పలేదు.

సాయంత్రం చెప్పులేసుకుని బాలమల్లు ఇంటికి పోయాడు ఇనాయతుల్లా. బాలమల్లు వాకిట్లో కూర్చుని మరమగ్గాలకు నూలు కండెలు చుడుతున్నాడు. ఈ వయసులోనూ కూలికే.

"కార్డు చూసినవా?"

"చూసిన." రాట్నం ఆగలేదు.

అతని భార్య సత్తమ్మ చెంబుతో మంచినీళ్లు తెచ్చి నవ్వింది. "చూడున్రి అన్నా! మీరు పొద్దుగాల్ల వస్తే గీయన పొద్దూకినంక వచ్చిండని నా పెండ్లయినకాడికెళ్లి ఊరంత నవ్వుడే. నేను సుత యాభై ఏండ్లసంది ఎడ్డి మల్లయ్య, ఎనుకబడ్డ మల్లయ్య అనే పిలుస్తున్న. ఇగ కార్డుల ఖానాపూర్ కాన్నే ఆపిన్రు! గింత దూరం గూడ రాలేదట!"

బాలమల్లు కూడా కొంచెం నవ్వాడు. ఆ నవ్వును ఇనాయతుల్లా చూడలేకపోయాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. నీళ్లు తాగి వచ్చేశాడు. థూ అని తనని తానే తిట్టుకుంటూ ఇంటికి రెండు వీధులు చుట్టు తిరిగి చేరాడు.

మర్నాడు హాలు నిండింది. రంగురంగుల బిగుతు బనియన్లలో కుర్రాళ్లు, ముందు వరుసలో షహర్ బానో, ఆమె పక్కన సత్తమ్మ, బాలమల్లు. నరేశ్ దండ వేసి మైకు చేతికిచ్చాడు. ఇనాయతుల్లా నిలబడలేక నిలబడలేక, ముందుగా కూర్చుకున్న మాటలన్నీ వదిలేసి ఒక్కసారే అనేశాడు.

"ఖానాపూర్ కాడ ఆగింది బాలమల్లు కాదు, నేను. నేను లారీల వచ్చిన. మొత్తం తొక్కింది ఆయినే."

ఆ వెంటనే చప్పట్లు! ఈలలు కూడా.

నరేశ్ మైకు లాక్కున్నాడు. కళ్లల్లో నీళ్లు. "చూసిన్రా! దోస్తు చిన్నబోతడని తన గెలుపునే ఇచ్చేస్తుండు! గిసొంటి పెద్దమనసు గిప్పుడు ఎవలకుంటది?"

"పెద్దమనసు కాదు బే! నేను ఝూటా మనిషిని!" అని అరిచాడు ఇనాయతుల్లా. చప్పట్లు ఇంకా పెరిగాయి. ముసలాయన ఎంత నిగర్వి అని ఒకరికొకరు చెప్పుకున్నారు. తిట్టుకున్నకొద్దీ ఆయన పేరు ఇంకా పెరుగుతోంది.

షహర్ బానో చప్పట్లు కొట్టలేదు. నలభై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన నిజమెప్పుడు చెప్తాడో, కోతలెప్పుడు కోస్తాడో ఆమెకు కంఠతా వచ్చు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సత్తమ్మా కొట్టలేదు. మొగుడి వైపు తిరిగి, "ఏమయ్యా, నిజమేనా?" అంది. బాలమల్లు తల ఊపాడు, చూపు నేలమీదే ఉంది.

ఆమె లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వేదికెక్కి ఇనాయతుల్లా ఎదుట నిలబడింది. ఆమెకు మైకు అక్కర్లేదు.

"నీ నోట్ల మన్నువడ! యాభై ఏండ్లు నాతోని గా మనిషిని తిట్టిచ్చినవు గదరా! నా ఇంట్ల నీళ్లు తాగుకుంట విన్నవు గదరా!"

చప్పట్లు తెగిపోయాయి. అలాంటి కోపం నాటకానికి రాదు, ఆ సంగతి కుర్రాళ్లకూ అర్థమైంది. ఇనాయతుల్లా తల వంచాడు. ఆమె ఆయన మెడలోని దండ తీసుకుని కిందికి దిగి, మొగుడి మెడలో వేసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

నరేశ్ ఎర్రబడిన మొహంతో మైకు బాలమల్లు దగ్గరికి తెచ్చాడు. "తాతా, గా రోజు... జర మీరే చెప్పున్రి."

బాలమల్లు నరేశ్ పట్టిన మైకు ముందుకు వంగాడు.

"చెప్పనీకేమున్నది బిడ్డా. ఎదురుగాలి. జన్నారం దాటంగనే ముందు చక్రం పంచరైంది. అతుకేసుకున్న. మల్ల గాలి కొట్టాలంటే పంపు ఇనాయత్ సైకిలుకున్నది, లారీల వోయింది. టైరుల గడ్డి కుక్కి తొక్కిన, అది నలిగితే దిగి నడిచిన, మల్ల కుక్కిన. అందుకే పొద్దూకింది."

పంపు! ఆ ఒక్కరోజు గురించి ఇన్నేళ్లు కుమిలిపోయాడు గాని, పంపు సంగతి ఇనాయతుల్లాకు ఏనాడూ తట్టలేదు. వేదిక మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"నాకెందుకు చెప్పలే బాలమల్లూ?" అన్నాడు.

"ఎట్ల వచ్చినవ్ అని నువ్వెన్నడన్న అడిగినవా?" అన్నాడు బాలమల్లు.