రేణు గురించి నాలుగు మంచి మాటలు

కోచ్ ఇంటికొస్తోందని తెలిసిన దగ్గర్నుంచి హైమకు కాలు ఒకచోట నిలవడం లేదు. పార్సిప్పనీలో ఇల్లు కొనుక్కుని ఇన్నేళ్లయినా ఒక తెల్లావిడ పనిగట్టుకుని వాళ్ల గడప తొక్కడం ఇదే మొదలు. పైగా వస్తున్నది వాళ్ల అమ్మాయిని చూడటానికి. 'అమ్మాయిని చూడటానికి' అన్న మాట చెవిన పడ్డాక హైమ చేతులు ఇక ఎవరి మాటా వినలేదు. మినప్పప్పు నానబోశాయి, రవ్వకేసరికి జీడిపప్పు వేయించాయి, హాల్లో కర్టెన్లు మార్చాయి. ఆఖరికి బీరువాలోంచి పట్టు లంగా కూడా తీశాయి గానీ, దాన్ని చూసి రేణు పెట్టిన కేకకు మళ్లీ లోపల పెట్టేశాయి.

"మమ్మీ, షి ఈజ్ ఎ కోచ్! నన్ను పెళ్లి చేసుకోదు!" అంది రేణు.

పదిహేడేళ్ల రేణుకు ఆ ఏప్రిల్ నెలంతా ప్రాణం గుప్పిట్లోనే ఉంది. హైస్కూల్లో ఆమె లాక్రాస్ ఆడుతుంది. చివర వల కట్టిన పొడుగాటి కర్రతో రబ్బరు బంతిని పట్టుకుని, అది కింద పడకుండా ఊపుకుంటూ పరుగెత్తి, అవతలివాళ్ల గోల్‌లో వేసే ఆట. హైమ దృష్టిలో మాత్రం అది ఆడపిల్లలు జల్లిగరిటెలు పుచ్చుకుని ఒకరి మీద ఒకరు పడటం. పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీ రేణుకు సీటిచ్చింది. ఆ కాలేజీ అమ్మాయిల జట్టంటే రేణుకు పిచ్చి. వచ్చే ఏడాది జట్టులో కొత్తగా చేరేవాళ్లను కోచ్ పెగ్ డోనెలీ ఎంచుకుంటోంది. హైస్కూళ్ల నుంచి వచ్చేవాళ్లు కొందరు, వేరే కాలేజీల నుంచి ట్రాన్స్‌ఫర్ అయి వచ్చేవాళ్లు కొందరు. అన్నీ నిండిపోయి ఒక్క చోటు మిగిలింది. దానికి పోటీ ఇద్దరి మధ్యే. ఒకరు రేణు. రెండో అమ్మాయి మేరీలాండ్‌లో ఏదో కాలేజీలో అప్పటికే రెండేళ్లు ఆడి, ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ అడుగుతోంది.

"డాడీ, ఆమె పేరెంట్స్‌తో కూడా మాట్లాడుతుంది. ప్లీజ్, మీరు నైస్‌గా ఉండాలి, ఓకే?"

"మేమెప్పుడు నైస్‌గా లేమే?" అన్నాడు దక్షిణామూర్తి.

ఆయన దగ్గర్లోని ఆస్పత్రిలో మత్తు డాక్టరు. రోజూ మనుషుల్ని నిద్రపుచ్చి, మళ్లీ భద్రంగా లేపే ఉద్యోగం కాబట్టి కంగారు అనేది తన ఒంట్లోనే లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆదివారం సాయంత్రం దాకా చెక్కుచెదరకుండా ఉంది.

కోచ్ డోనెలీ చెప్పిన టైముకే వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఎండకు కమిలిన మొహం, పొట్టి జుట్టు, చెయ్యి కలిపితే ఎముకలు కలుక్కుమనేంత బలం. మొదటి గారె అనుమానంగా కొరికింది గానీ ఆ తర్వాత అడిగి మరీ పెట్టించుకుంది. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. తమ జట్టు తెల్లవారుజామునే ప్రాక్టీసు చేస్తుందని, చలికాలమైనా మినహాయింపు లేదని చెప్పింది. హైమ మరో గారె వేసింది. అంతా సవ్యంగానే ఉంది. అప్పుడావిడ చేతులు తుడుచుకుని, "ఇక రేణు గురించి మీరు చెప్పండి. ఆమె సంగతి మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?" అంది.

సరిగ్గా ఇక్కడే కొంప మునిగింది.

కన్నబిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని పరాయివాళ్ల ముందు మెచ్చుకోవడం ఆ మొగుడూ పెళ్లాలకు చేతకాని పని. సిగ్గొకటి, దిష్టి భయమొకటి. వాళ్లు పెరిగిన ఇళ్లలో దీనికో పద్ధతుంది. పిల్ల గురించి ఎవరైనా అడిగితే మనం తీసిపారేయాలి. "అబ్బే, దానికేం వచ్చండీ" అనాలి. వెంటనే అవతలివాళ్లు "అదేం మాటండీ, మీ పిల్ల బంగారం" అనాలి. అప్పుడు మనం ఓ నవ్వు నవ్వి కాఫీ కలపడానికి లేవాలి. పొగిడే పని ఎప్పుడూ వచ్చినవాళ్లదే.

దక్షిణామూర్తి ఆ పద్ధతి ప్రకారమే మొదలుపెట్టాడు. "ఏదో ఆడుతుందండీ. అంత గొప్పగా ఏం కాదు," అన్నాడు. అని, ఆవిడ కాదంటుందని ఆగాడు.

ఆవిడ కాదనలేదు. "అలాగా," అంది, గంభీరంగా తలూపుతూ. "ఇంకా?"

మొగుడి మాట చాల్లేదేమోనని హైమ అందుకుంది. "ఒట్టి బద్ధకమండీ దీనికి. పొద్దున్నే లేపాలంటే నా ప్రాణం మీదికొస్తుంది."

కోచ్ మొహంలో చిరునవ్వు కాస్త తగ్గింది. దక్షిణామూర్తికి కాళ్లూ చేతులూ ఆడలేదు. అవతలి నుంచి ఎదురుమాట రావడం లేదంటే తాము ఇంకా సరిగ్గా తగ్గలేదన్నమాట. ఆయన ఇంకో మెట్టు దిగాడు.

"పరుగు కూడా అంతంతమాత్రమే. వాళ్ల స్కూల్లో దీనికంటే బాగా ఆడేవాళ్లు బోలెడుమంది. వాళ్ల కోచ్ మంచివాడు కాబట్టి ఆడనిస్తున్నాడు."

"చెబితే వినదు కూడానండీ," అంది హైమ, కేసరి వడ్డిస్తూ.

రేణు సోఫా అంచున కూర్చుని తల్లి వంకా తండ్రి వంకా మార్చి మార్చి చూస్తోంది. మొహంలో రక్తం లేదు. కోచ్ కేసరి మొత్తం తిని, ఇంత దాపరికం లేకుండా మాట్లాడే తల్లిదండ్రుల్ని తన ఉద్యోగంలో ఇంతవరకూ చూడలేదని చెప్పి లేచింది. గురువారం రేణు ఆడే మ్యాచ్‌కు వస్తానని ముందే మాటిచ్చాను కాబట్టి వస్తానని, ఆ తర్వాత ఏ సంగతీ చెబుతానని అంది.

తలుపు వేసి వెనక్కి తిరిగిన దక్షిణామూర్తి, "మంచావిడే. కాస్త మాటా మంచీ తెలీదు గానీ," అన్నాడు.

"వై?" అంది రేణు. "వై వుడ్ యూ డు దట్? ఆమె మిమ్మల్ని రెకమెండేషన్ అడిగింది, డాడీ! మా టీమ్‌లో జెస్సికా వాళ్ల డాడ్ షి ఈజ్ ది బెస్ట్ అని చెప్పాడు, జెస్సికా ఒక్క గోల్ కూడా వెయ్యలేదు! అందరి పేరెంట్స్ అలానే చెప్తారు. మీరు నన్ను లేజీ అన్నారు!"

"మర్యాదకి అలా అంటామే తల్లీ," అంది హైమ బిక్కమొహంతో. "మనం అంటే ఆవిడ కాదనాలి."

"కాదనాలని ఆమెకి ఎలా తెలుస్తుంది?" రేణు మెట్లెక్కబోతూ ఆగింది. "నాకే తెలీదు. చిన్నప్పట్నుంచీ మీరు అలా చెప్తే... నిజం అనుకున్నా."

పైన తలుపు మూసుకుంది. కింద గారెల గిన్నె ముందు ఇద్దరూ చాలాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చోద్యమేమిటంటే, ఈ దేశపు తీరు దక్షిణామూర్తికి తెలియక కాదు. ఆస్పత్రిలో శిక్షణకు వచ్చే కుర్ర డాక్టర్లకు ఏటా సిఫార్సు ఉత్తరాలు రాసే మనిషి ఆయన. ఇక్కడ 'గుడ్' అని రాస్తే పనికిరాడని అర్థమని, 'వెరీ గుడ్' అంటే కాస్త చూసుకోమని అర్థమని వచ్చిన కొత్తలోనే నేర్చుకున్నాడు. సూది ఎటు పట్టుకోవాలో తెలియనివాడిని కూడా 'అవుట్‌స్టాండింగ్' అని సంతకం పెట్టి పంపాడు. ఊళ్లోవాళ్ల పిల్లలందర్నీ ఆకాశానికెత్తిన పెద్దమనిషికి సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు.

సోమవారం ఆపరేషన్ల మధ్య ఖాళీ చూసుకుని కోచ్‌కు ఫోన్ చేశాడు. ఏం చెప్పాలో మనసులో బాగానే కూర్చుకున్నాడు. తీరా ఆవిడ 'హలో' అనేసరికి, "అమ్మాయి మరీ అంత చెడ్డదేం కాదండీ," అన్న మాట బయటికొచ్చింది. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. కోచ్ మర్యాదగా విని, ఉన్నమాట చెప్పాలంటే తాను ట్రాన్స్‌ఫర్ అమ్మాయి వైపు మొగ్గుతున్నానని చెప్పింది. ఫోన్ పెట్టేశాక దక్షిణామూర్తికి తల కొట్టేసినట్టయింది. మూడు రోజులు రేణు ఆయనతో మాట్లాడలేదు. అన్నం దగ్గర కూర్చుని, ప్లేటులోకి చూస్తూ తిని, లేచిపోయేది. అరిచినా బాగుండునని ఆయనకు అనిపించింది.

గురువారం డ్యూటీ ఇంకో డాక్టరుకు అంటగట్టి, హైమను వెంటబెట్టుకుని స్కూలు మైదానానికి వెళ్లాడు. మ్యాచ్‌లకు వెళ్లడం ఆయనకు కొత్త కాదు. కంచె పక్కన పేపరు పట్టుకుని నిలబడతాడు. డాడీ పేపరు చదువుకోవడానికే వస్తాడని రేణు అనుకునేది. ఆ రోజు పేపరు కార్లోనే వదిలేశాడు.

మొదటి సగం ముగిసేసరికి రేణు రెండు గోల్స్ వేసింది. పిల్లలు నీళ్లు తాగడానికి పక్కకొచ్చారు. కోచ్ డోనెలీ కంచె దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. దక్షిణామూర్తి వెళ్లి ఆవిడ ఎదుట నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"రేణు చాలా అవుట్‌స్టాండింగ్ కాండిడేట్. ఆమెను నేను పదిహేడేళ్లుగా ఎరుగుదును. తోటివారితో ఆమె ప్రవర్తన..."

కోచ్ పెదాలు బిగించింది. నవ్వు ఆపుకుంటోందని ఆయనకు అర్థమైంది. ఆగిపోయాడు.

"కాదు. నేను చెప్పాలనుకున్నది ఇది కాదు," అన్నాడు. "ఆదివారం మేం చెప్పినవన్నీ అబద్ధాలు. సొంత పిల్లను తక్కువ చేసి మాట్లాడటం మాలో మర్యాద. మీరు కాదంటారని ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఈ ఆట నాకిప్పటికీ అర్థం కాదు. విజిల్ వెయ్యగానే అందరూ ఉన్నచోటే ఎందుకు ఆగిపోతారో తెలీదు. అయినా ప్రతి మ్యాచ్‌కీ వస్తాను. ఇంట్లో నాకు కనబడని మనిషి ఇక్కడ కనబడుతుంది. కిందటి నెల వానలో ఆడుతుంటే ఒకమ్మాయి దీన్ని పడేసింది. మోచెయ్యి చీరుకుపోయింది. లేచి, ముందు ఆ అమ్మాయిని లేపింది. నేను డాక్టర్ని, రక్తం నాకు కొత్త కాదు. ఆ రోజు మాత్రం నా కాళ్లు వణికాయి. అదేమో కర్ర పుచ్చుకుని మళ్లీ పరుగెత్తింది. చలికాలమంతా మా గరాజ్ తలుపుకేసి బంతి కొట్టీ కొట్టీ తలుపంతా సొట్టలు పెట్టింది. తిట్టాను. కానీ ఆ తలుపు మార్చడానికి మనసొప్పలేదు. అది బద్ధకస్తురాలు కాదండీ. అంత పట్టుదలగా నేను మెడిసిన్ కూడా చదవలేదు. నా కూతురని చెప్పడం లేదు..." ఆయన ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అబద్ధం. నా కూతురనే చెబుతున్నాను. అది నాకు పుట్టడం నా అదృష్టం."

కోచ్ ఆయన భుజం మీదుగా ఎటో చూస్తూ అంతా విన్నది. ఈలోగా రిఫరీ విజిల్ వేసింది.

రెండో సగం చూడటానికి గుండె దిటవు కావాలి. రేణు చేతికొచ్చిన బంతిని రెండుసార్లు జారవిడిచింది. గోల్ ఎదుట ఎవరూ అడ్డం లేకపోయినా పక్కకు విసిరింది. ఒకసారైతే తన కర్ర తనకే తగిలి తూలింది. "పొగిడొచ్చారుగా! తగిలింది దిష్టి," అని హైమ మొగుడి మోచెయ్యి గిల్లింది. ఆయన కాదనలేకపోయాడు. జట్టు ఒక్క గోల్ తేడాతో ఓడిపోయింది. చేజేతులా రెండోసారి కూతురి ఆశ మీద నీళ్లు చల్లానని దక్షిణామూర్తికి ఏడుపొచ్చినంత పనైంది.

కోచ్ డోనెలీ వాళ్ల దగ్గరికి నడిచి వచ్చింది. రేణును కూడా పిలిచింది.

"ఆదివారం మీ ఇంటి నుంచి వెళుతూ ఆ చోటు ట్రాన్స్‌ఫర్ అమ్మాయికే అనుకున్నాను," అంది. "ఇవాళ మొదటి సగం చూశాక మనసు మార్చుకున్నాను. కాలేజీలో ఎవరైనా ఆడేది నాలుగేళ్లే. ఆ అమ్మాయికి ఇంకా రెండేళ్ల ఆటే ఉంది. రేణుకు నాలుగేళ్ల ఆట ఉంది, అప్పుడే ఇలా ఆడుతోంది. డాక్టర్, మీరు నా దగ్గరికి వచ్చేసరికే ఆ చోటు మీ అమ్మాయిది. చివర్లో ఆ బంతులు ఎందుకు వదిలేసిందో కూడా నాకు తెలుసు. ఆగస్టులో కలుద్దాం, రేణు."

రేణు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. దక్షిణామూర్తి అయోమయంగా చూశాడు.

"మరి నన్నెందుకు అంతసేపు మాట్లాడనిచ్చారు?"

"ఎందుకంటే ఆమె మీ వెనకే నిలబడి వింటోంది," అంది కోచ్.

హైమ పరమానందంగా ఆవిడ చెయ్యి పట్టుకుని, అల్లం పచ్చడి తెచ్చానని చెబుతూ కారు వైపు తీసుకుపోయింది. తండ్రీ కూతుళ్లిద్దరూ వెనకబడ్డారు. బూట్ల కింద గడ్డి తడిగా ఉంది.

"డాడీ."

"ఊఁ."

"అదంతా కోచ్‌కి చెప్పావు. ఇంగ్లీష్‌లో."

"అవును."

"నాకు చెప్పు. తెలుగులో."

దక్షిణామూర్తి నిలబడిపోయాడు. ఇంగ్లీషు మాటలు ఆయనకు ఉద్యోగం కోసం వచ్చినవి. ఎవరి గురించైనా చెప్పి ఊరుకోవచ్చు. తెలుగులో ఇటువంటి మాట ఆయనతో ఎవరూ అనలేదు. తండ్రి అనలేదు, మేస్టార్లు అనలేదు, మెడికల్ కాలేజీలో సీటొచ్చిన రోజు కూడా ఎవరూ అనలేదు. ఆ రోజు తాను ఇల్లంతా తిరిగి ఒక్కరైనా అంటారేమోనని చూశాడు. అది ఇప్పుడు, ఈ పార్కింగ్ లాట్ అంచున గుర్తొచ్చింది. ఆ బంతి ఎందుకు వదిలేశావన్న ప్రశ్న అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"బాగా ఆడావే, నా తల్లే," అన్నాడు. అది చాలదనిపించింది. "నిన్ను చూస్తుంటే నాకు కడుపు నిండిపోతుందమ్మా. ఎప్పుడూ అంతే. చెప్పలేదు, అంతే."

రేణు కర్ర కింద పడేసి, మట్టి చేతులతో ఆయన్ని గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది. ఆయనా ఏడ్చాడు. కార్లు తీస్తున్న తల్లిదండ్రులందరూ ఆగి చూస్తున్నారు. చూస్తే చూడనీ అనుకున్నాడు దక్షిణామూర్తి.