గుండెల మీద మామగారు

నేను ఒక వేషాన్ని. కట్టుకునే బట్టని కాదు, పూసుకునే రంగుని కాదు. కంప్యూటర్లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తన్నుకునే ఆట ఉంటుంది చూశారూ, అందులో కంపెనీవాళ్లు ఇచ్చిన ఫైటరుకి అభిమానులు సొంతంగా తొడిగే వేషం అన్నమాట. మా జాతిని మాడ్ అంటారు. ఫైటరు బలం నేను పెంచను, తగ్గించను. మొహం, బట్టలు మార్చడం వరకే నా పని. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత నా మీద చాలా నిందలు పడ్డాయి.

నేను పుట్టింది బొబ్బిలిలో, ఒక ఫ్లెక్సీల షాపులో. నన్ను తయారుచేసినవాడు సింహాద్రి. పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాడు. ఊళ్లో సగంమందిని తెల్లగా చేసింది అతనే. పక్కనే తవిటయ్య గేమ్ సెంటర్. అక్కడ ఏటా ఈ తన్నులాటకి పోటీ పెడతారు. గెలిచినవాడి ఫొటోతో గుమ్మం మీద పెద్ద ఫ్లెక్సీ కడతారు, అది ఏడాదంతా ఉంటుంది. మూడేళ్లుగా గెలుస్తున్నది సింహాద్రి భార్యకి అన్న, ఎలక్ట్రీషియన్ కూర్మారావు. ఆ ఫ్లెక్సీలు చేస్తున్నది సింహాద్రి.

అర్థమైందా అతని బాధ? తనని ఓడించినవాడి బుగ్గలు తనే నున్నగా చెయ్యాలి. పైగా కూర్మారావు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"సింహాద్రీ, నల్ల కళ్లజోడెట్టు. ఎనకాల పులినెట్టు."

"పోయినేడు ఎట్టాను కదా బావా పులి."

"ఈయేడు రెండెట్టు."

ఆ గుమ్మం మీద ఒక్కసారైనా తన ఫొటో పెద్దగా పడాలి. సింహాద్రికి అదొక్కటే కోరిక. దానికోసం వారం రోజులు కూర్చుని నన్ను చేశాడు. కొత్త వేషంతో దిగితే ధైర్యం వస్తుందని అతని నమ్మకం. ఆటలో పసుపు జుట్టు ఫైటరుకి గళ్ల లుంగీ కట్టాడు, బనీను తొడిగాడు, తలకి తువ్వాలు చుట్టాడు. అంతా బాగానే ఉంది కానీ బనీను మీద జానెడు ఖాళీ మిగిలింది. ఫ్లెక్సీలు చేసేవాడికి ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఖాళీలో ఎవరో ఒక పెద్దాయన ఫొటో పడాల్సిందే, లేకపోతే ఆయన అలుగుతాడు. అలవాటుకొద్దీ తన మామగారు, జూట్ మిల్లులో చేసి రిటైరైన చిన్నంనాయుడి ఫొటో తెచ్చి అక్కడ అతికించేశాడు. ఆయన కూర్మారావుకి కన్నతండ్రి అన్న సంగతి ఆ క్షణాన అతనికి తట్టనేలేదు. ఒట్టు.

పోటీ రోజు వచ్చింది. ఆఖరి ఆట సింహాద్రికీ కూర్మారావుకీ పడింది. వేషం మార్చుకోవచ్చు, బలం మార్చకూడదు అన్నది అక్కడి రూలు, కాబట్టి తవిటయ్య నన్ను ఒప్పుకున్నాడు. ముందు కుర్చీలో చిన్నంనాయుడు స్వయంగా కూర్చున్నాడు.

కూర్మారావు బలమంతా ఎగిరి తన్నే తన్నులో ఉంది. తెర మీద కాలెత్తాడు. ఎదురుగా నా గుండెల మీద వాళ్ల నాన్న నవ్వుతున్నాడు. కాలు గాల్లోనే ఆగిపోయింది.

"ఒరే కూర్మా, నన్నే తన్నీత్తావేట్రా?" అంది వెనకాల నుంచి అసలు గొంతు.

"నిన్ను కాదు నాన్నా, సింహాద్రిని!"

"మొహం నాదే కదరా ఉన్నాది!"

చేసేదిలేక తన్నాడు. తన్నిన వెంటనే కుడిచెయ్యి దానంతటదే రిమోటు వదిలేసి కళ్లకి అద్దుకుంది. పెద్దవాళ్లకి కాలు తగిలితే మనందరం చేసేదే కదా. ఆ సందులో సింహాద్రి రెండు గుద్దులు గుద్దాడు. మళ్లీ తన్ను, మళ్లీ దండం, మళ్లీ రెండు గుద్దులు.

"దండాలాపి ఆట సూడరా!" అని తవిటయ్య అరిచాడు.

"నానేటి సేసీది తవిటయ్యా, సెయ్యి దానికదే ఎల్లిపోతంది!"

చిన్నంనాయుడికి జాలేసింది. "సర్లేరా, తన్ను. నానేటీ అనుకోను," అన్నాడు. అంత పెద్ద మనసుకి కూర్మారావు కరిగిపోయి, ఈసారి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. రిమోటు కింద పడింది. ఆట అయిపోయింది.

సింహాద్రి గెలిచాడు! కుర్చీ ఎక్కి గంతులేశాడు. అప్పుడు మామగారు నెమ్మదిగా లేచారు.

"అల్లుడుగారూ, దెబ్బలన్నీ తిన్నాది ఎవులు?"

"మీరే మావయ్యా."

"మరైతే పెద్ద ఫొటో ఎవులిదుండాల?"

మామగారి మాటకి ఎదురేముంది? ఆ ఏడాది ఫ్లెక్సీలో చిన్నంనాయుడు ఆరడుగులు. గెలిచిన సింహాద్రి అడుగున మూల, తపాలా బిళ్లంత. ఆ బొమ్మా తనే చేసుకున్నాడు పాపం. తవిటయ్యేమో ఫైటర్ల మీద పెద్దల ఫొటోలు నిషేధం అని బోర్డు పెట్టాడు. నన్ను తీసుకెళ్లి ఎవరిదో పెళ్లి ఫ్లెక్సీకీ ఎవరిదో ఓణీల ఫంక్షన్‌కీ మధ్య ఫోల్డర్లో పడేశారు. తప్పు మనుషులు చేస్తారు, పేరు మాత్రం ఫైలుకొస్తుంది.

కొన్నాళ్లకి సింహాద్రి నన్ను మళ్లీ తెరిచాడు. మామగారిని చెరిపేశాడు. మెడ దగ్గర నుంచి లుంగీ ముడి దాకా, ఈ చివర నుంచి ఆ చివరకి, తన ఫొటో పెట్టుకున్నాడు. కూర్మారావుని షాపుకి పిలిచి రిమోటు చేతికిచ్చాడు.

కూర్మారావు ఆ ఫొటోని ఎగాదిగా చూశాడు. ఒక తన్ను తన్నాడు. చెయ్యి దండానికి కదల్లేదు. ఇంకోటి తన్నాడు. ఇక ఆగలేదు.

"అబ్బ, కాలికెంత హాయిగున్నాది సింహాద్రీ!"

సింహాద్రి చిత్తుగా ఓడిపోతున్నాడు. అయినా కళ్లు తెర మీంచి తిప్పడం లేదు, మొహమంతా నవ్వు.

"కాలు కొంచెం పక్కకెట్టి తన్ను బావా," అన్నాడు. "ఫొటో కనబడ్డం లేదు."