మినిట్స్ బుక్కులో దుర్గవ్వ

సంఘం తీర్మానాలు రాసే మినిట్స్ బుక్కులో తేదీ అయితే వేసింది, ఇంకేముంది, ఒక్క వాక్యమే కదా, తంగళ్ళపల్లి చర్చిలో చాప మీద కూర్చున్న శ్రావణి చేతిలో పెన్ను కదలడం లేదు, ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి రావడం లేదు, పాస్టరు దేవదాస్ మళ్ళీ చెబుతున్నాడు, రాయమ్మా, దుర్గవ్వ తనంతట తానే బైబిలు వాక్యం చెప్పుడు మానుకున్నది అని రాయి, పెద్ద సదువు సదివినవు, నువ్వు రాస్తే ఎవ్వలు ఏమనరు, అవును పెద్ద చదువే, కోరుట్లలో డిగ్రీ, హైదరాబాదులో పీహెచ్‌డీ, అమెరికాలో ఆర్నెల్లు, నూటయాభై ఏళ్ళ కింద అక్కడి పల్లెల్లో వాక్యం చెప్పిన ఆడవాళ్ళ మీద పుస్తకం, పాఠాలు చెప్పే జగిత్యాల కాలేజీలో శాలువా, వాళ్ళ గురించి ఏది అడిగినా చెప్పగలదు, మరి ఈ దుర్గవ్వ సొంత పెద్దమ్మ, సిరిసిల్ల మరమగ్గాల పనికి పోయొచ్చే ఆడవాళ్ళకు ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం సాయంత్రం వాక్యం చెబుతోంది, ఎందుకు మానుకుంటుంది, మోకాళ్ళ నొప్పులేమో, విసుగొచ్చిందేమో, దేవదాస్ అబద్ధమెందుకు చెబుతాడు, అమ్మ పోయినప్పుడు దగ్గరుండి అన్నీ చూసుకున్న మనిషి, అయినా చరిత్ర రాసేవాళ్ళు ఏ పక్షానా నిలబడకూడదు కదా, ఇది చరిత్రేనా, ఏమో.

గుమ్మం దగ్గర దుర్గవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది, పెద్దమ్మా నువ్వే మానుకున్నవా, అడిగేసింది శ్రావణి, అడగకూడదేమో, దుర్గవ్వ కొంగు తీసింది, నేనెందుకు మానుకుంట బిడ్డా, పోయిన ఆదివారం అచ్చి చూస్తే తలుపుకు తాళమేసున్నది, నేను, మల్లక్క, ఆడోళ్ళం అందరం మెట్ల మీద కూసోని పాడుకోని పోయినం, గిప్పటిదాంక నన్ను ఒక్కలు అడుగలే.

గట్ల కాదు దుర్గవ్వా, పై నుంచి ఉత్తరమచ్చింది, ఆడోళ్ళు చెప్పొద్దన్నరు, నేనేం జేద్దును, దేవదాస్ అంటూనే ఉన్నాడు, శ్రావణి సగమే వింటోంది, తను రాసిన పుస్తకంలో నాలుగో అధ్యాయం, హన్నా అనే అమెరికా రైతు భార్య, ఎనిమిదేళ్ళు వాక్యం చెప్పి ఒక్కసారిగా ఆగిపోయింది, ఆ సోదరి తనంతట తాను విరమించుకుంది అని అక్కడి సంఘం రికార్డు, తను అదే ఎత్తి రాసింది, కింద ఆధారం కూడా చూపించింది, ఆ రికార్డు రాసింది ఎవరు, పక్కన నిలబడి రాయమన్నది ఎవరు, హన్నా ఆ గదిలో ఉందా, ఆర్నెల్లు ఆ కాగితాల ముందు కూర్చుని కూడా తను ఇది అడగలేదే, పెన్ను కదిలింది, దుర్గవ్వ మానుకోలేదు, తాళం వేశారు, అని రాస్తోంది, దేవదాస్ వంగి చూస్తున్నాడు, చూడనీ, హన్నా ఎందుకు ఆగిపోయిందో తనకు ఇక ఏనాటికీ తెలియదు.