గవర్నరు దిమ్మె మీద చేపలు

మా సావో తోమే దీవి రేవులో పోర్చుగీసు గవర్నరు విగ్రహాన్ని స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే పీకేశాం. మిగిలిన రాతి దిమ్మె మీద జెర్ట్రూడిస్ ఉప్పు చేపలు ఎండబెట్టి, అమ్ముకుని బతుకుతోంది. లిస్బన్ నుంచి ఓడలో టూరిస్టులు వస్తున్నారని ఇన్‌స్పెక్టరు అడెలినో ఊడిపడ్డాడు.

“తియ్యవే ఆ కంపు! మళ్ళీ ఇక్కడ కనిపిస్తే బుట్టతో సహా సముద్రంలో పారేస్తా.”

“ఎండంతా ఇక్కడే ఉంది బాబూ, ఎక్కడికి తియ్యను?”

అంతలో టూరిస్టులు రానే వచ్చారు. ఒక ముసలాయన చేపల్ని చూసి ఇదేమిటని అడిగాడు.

“మీ గవర్నరు దొరగారి ఆత్మశాంతికి పెట్టుకున్నామయ్యా,” అంది జెర్ట్రూడిస్ కళ్ళొత్తుకుంటూ. “ఈయనేమో తియ్యమంటున్నాడు.”

ముసలాయన టోపీ తీసి, అడెలినో వైపు కొరకొరా చూశాడు.

“అబ్బే, తియ్యమనలేదండీ,” అంటూ అడెలినో నీళ్ళు నమిలాడు. “సర్దుకోమన్నాను.”

ఇప్పుడు ఓడ వచ్చిన ప్రతిసారీ ఆ చేపల మీద గద్దలు వాలకుండా తోలే పని అడెలినోదే.