సగం పెరడు

పెరటి మెట్టు మీద కూర్చుని ఒక పెద్దమనిషి చిక్కుడుపాదు వైపు చూస్తున్నాడు. చేతిలో కలుపు తీసే బొరిగె ఉంది. పాదు చుట్టూ కలుపు మోకాలెత్తు లేచింది. లేచి నాలుగడుగులు వేస్తే అందుతుంది. ఆ నాలుగడుగులే ఆయన వల్ల కావడం లేదు. గోడ అవతలి నుంచి చూసినవాళ్లు, పాపం పెద్దాయన హాయిగా చల్లగాలికి కూర్చున్నాడనుకుంటారు. మన ఇళ్లలోనూ ఇలాంటి మెట్లున్నాయి, వాటి మీద పెద్దవాళ్లున్నారు. వాళ్లు హాయిగా కూర్చున్నారో, ఓపిక లేక కూలబడ్డారో మనం ఎప్పుడైనా అడిగామా?

ఆయన బస్సు డ్రైవరుగా పనిచేశాడు. రిటైరై ఏళ్లు గడిచినా వీధిలో అందరికీ డ్రైవరుగారే. జీవితమంతా ఇంజను వేడి పక్కన కూర్చున్న మనిషి కదా, రిటైరైన మర్నాడే పార పట్టాడు. పెరట్లో రాళ్లు ఏరి, మంచి మట్టి తెప్పించి పోసి, వంగ, టమాటా నాటాడు. గోడ మీదికి చిక్కుడు పాకించాడు. కుళాయి పక్కన ఒక గులాబీ పెట్టాడు. ఆ గులాబీ మీద ఎవరి చెయ్యి పడినా ఆయన నోరు ఊరుకునేది కాదు. పక్కింటివాళ్లు దాన్ని డ్రైవరుగారి రెండో భార్య అని వేళాకోళం చేసేవారు. మొదటి భార్య కూడా నవ్వి, తనకంటే దానికే నీళ్లు వేళకు అందుతున్నాయనేది.

తర్వాత గుండెపోటు వచ్చింది. వేళకు ఆసుపత్రికి చేర్చారు కాబట్టి ప్రాణం దక్కింది. మాత్రలు ఇచ్చారు. వాటివల్లే గుండె నిలబడింది, ఆ మాట కాదనడానికి లేదు. కానీ నెలలు గడిచేకొద్దీ ఒళ్లు ఇసుకబస్తాలా తయారైంది. నిద్ర లేస్తూనే అలసట. స్నానం చేస్తే అలసట, వెంటనే మంచం ఎక్కాల్సిందే. నీళ్ల పైపు లాగితే కాళ్లు వణికేవి. కొడుకు వయసు కదా నాన్నా అన్నాడు. భార్యా వయసే అంది. అద్దంలో నెరిసిన తల చూసుకుని ఆయనా సరేననుకున్నాడు. ముసలితనంలాంటి సాకు లోకంలో ఇంకొకటి లేదు, ఏ రోగానికైనా ఇట్టే అతుక్కుంటుంది.

మరి డాక్టరుకు చెప్పలేదా అని మీరు అడుగుతారు. తిరకాసంతా అక్కడే ఉంది. డ్రైవర్లకు ఏటా ఒంటి పరీక్ష ఉండేది. తల తిరుగుతోందన్నా, నడుం లాగుతోందన్నా స్టీరింగు లాగేసుకుని డిపోలో ఓ మూల కూర్చోబెడతారని అందరికీ హడలు. అందుకని పరీక్ష ముందురోజు కడుపు నిండా నిద్రపోయి, నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లేవారు. ఏమడిగినా బాగుంది సార్ అనేవారు. ఉద్యోగం పోయినా ఆయనకు ఆ అలవాటు పోలేదు. గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ముందురోజు మంచం దిగడు. తెల్లారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెట్లు చకచకా ఎక్కి, ఎలా ఉన్నారని డాక్టరమ్మ అడగ్గానే ఫస్టు క్లాసండీ అంటాడు. కొడుకు బయట ఫీజు కట్టే వరుసలో నిలబడి ఉంటాడు, ఆ మాట వినడు. ఆవిడ అవే మాత్రలు మళ్లీ రాస్తుంది. లాక్కోవడానికి స్టీరింగే లేదు. ఈ బుకాయింపు ఎవరికోసమో ఆయనకే తెలియదు.

కలుపు పెరిగింది, దోమలు చేరాయి. పెరడంతా సిమెంటు చేయిస్తే శుభ్రంగా ఉంటుంది, నాన్నకూ శ్రమ తప్పుతుందని కొడుకు అన్నాడు. కొడుకు చెడ్డవాడు కాదు, ప్రేమతోనే అన్నాడు. తండ్రి సరే అన్నాడు. వద్దని వాదించాలన్నా ఓపిక కావాలి కదా.

మేస్త్రి వచ్చాడు. కుళాయి వైపు నుంచి పని మొదలుపెట్టి, సాయంత్రానికి సగం పెరడు చదును చేసి సిమెంటు పోశాడు. గులాబీని గడ్డపారతో పెకలించి గోడవారగా విసిరేశారు. డ్రైవరుగారు మెట్టు మీద కూర్చుని అంతా చూశాడు. ఒక్క మాట అనలేదు.

భార్య గుమ్మంలో నిలబడి ఆయన్నే చూసింది. పూరేకు రాలితే ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి! వయసు మీదపడితే ఓపిక పోతుంది, నిజమే. కోపం కూడా పోతుందా? ఆమెకు ఏడుపొచ్చింది. మిగతా సగం ముట్టుకోవద్దని మేస్త్రికి చెప్పి పంపేసింది. మర్నాడు పొద్దున్నే, ఆయనకు పడుకునే వ్యవధి గానీ గడ్డం గీసుకునే వ్యవధి గానీ ఇవ్వకుండా, ఆసుపత్రికి బయలుదేరదీసింది.

డాక్టరమ్మ ఎప్పట్లాగే ఎలా ఉన్నారని అడిగింది. ఆయన ఎప్పట్లాగే "ఫస్టు క్లాసండీ" అన్నాడు.

"అబద్ధం తల్లీ," అంది భార్య. "ఈయన నీళ్ల చెంబు ఎత్తలేకపోతున్నాడు. ఏమండీ, బండి లాగట్లేదని మెకానిక్‌తో రోజూ పోట్లాడి వచ్చేవారు. మీ ఒళ్లు లాగట్లేదని ఈ అమ్మాయికి చెప్పడానికి నామోషీ ఏమిటి? నిన్న గులాబీని పీకేస్తే నోరెత్తలేదు మీరు. నాకు భయమేస్తోంది."

ఆయన గడ్డం గీయని చెంప రుద్దుకున్నాడు. చివరికి, "ఓపిక లేదమ్మా. బొత్తిగా లేదు. ఎందుకు బతికున్నానా అనిపిస్తోంది," అన్నాడు. ఆ మాట బయటికి రావడానికి రెండేళ్లు పట్టింది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. నాడి చూసింది, గుండె పరీక్ష, రక్తపరీక్ష చేయించింది. అన్నీ చూశాక చెప్పింది. "పెద్దాయనా, మీరు వేసుకునే వాటిల్లో ఒక మాత్ర గుండె వేగం తగ్గిస్తుంది. మీకు మరీ తగ్గించేసింది. అందరికీ ఇలా జరగదు, కొందరికి జరుగుతుంది. నాడి తక్కువగా ఉందని నేనూ చూశాను, కానీ మీరు బాగున్నానంటే సరిపోయిందనుకున్నాను. గుచ్చి గుచ్చి అడక్కపోవడం నా తప్పు. ఓపిక ఏ పరీక్షలోనూ కనపడదు, మీరు చెబితేనే తెలుస్తుంది."

అయితే ఆ మాత్ర మానేయమంటారా అని భార్య అడిగింది. సొంతంగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని, మెల్లగా తగ్గిస్తూ వేరేది మొదలుపెడదామని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మందు మారగానే ఆయన లేచి గంతులేయలేదు. కొన్నాళ్లు ఏ తేడా తెలియలేదు. ఒకరోజు స్నానం చేసి వచ్చి, మంచం ఎక్కడం మరిచిపోయి పేపరు చదువుతూ కూర్చున్నాడు. ఇంకొన్నాళ్లకు పైపు లాగాడు. ఆ తర్వాత ఒక పొద్దున చిక్కుడుపాదు దగ్గర గొంతుక్కూర్చుని కలుపు తీశాడు. కాసేపటికి అలిసిపోయాడు. కానీ అది పని చేసిన అలసట, పాత అలసట కాదు. రెంటికీ తేడా ఆయన ఒంటికి తెలుసు.

కొడుకు వచ్చి పక్కన నిలబడ్డాడు. వాడి చూపు సిమెంటు మీదే ఉంది. "పగలగొట్టిద్దామా నాన్నా?" అన్నాడు నెమ్మదిగా.

"ఉండనీరా. కింద మట్టి చచ్చిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ బాగుచేయాలంటే మునుపటి ఒళ్లు కావాలి, అది ఎలాగూ రాదు. ఈ సగం చాలు."

"నాకు తెలియలేదు నాన్నా. వయసే అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నానుగా, నిన్నేమనను?" అంటూ ఆయన కొడుకు భుజం పట్టుకుని లేచాడు. "గుర్తుపెట్టుకోరా. ఒంట్లో బాగాలేదని నోరు తెరిచి చెబితే డాక్టరు మందు మారుస్తుంది. వయసైపోయిందిలే అని ఊరుకుంటే ఇంట్లోవాళ్లు సిమెంటు పోస్తారు."