దర్జీ పక్కన కుర్చీ

ఆసుపత్రి లిఫ్టు ఎక్కగానే ఆయన కాళ్ళు వాటంతటవే మీటల పక్కనున్న మూలకు పోయి నిలబడ్డాయి.

"ఎన్నో అంతస్తమ్మా?" అని అడిగాడు.

ఫ్లాస్కు పట్టుకున్న అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసి, తనే చెయ్యి చాపి మీట నొక్కుకుంది. ఆయన తన చేతిని నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు. ఆయన రిటైరయ్యాక ఆ మూలలో ఉండే స్టూలు కూడా తీసేశారు.

లిఫ్టు నడిపే ఉద్యోగమంతా ఈ పెట్టెలోనే గడిచింది. "మా ఆయన తిరిగినంత దూరం ఇంకెవరూ తిరగలేదు, వీధి చివర దాటింది మాత్రం లేదు" అని భార్య చుట్టాలకు చెప్పి నవ్వేది. లిఫ్టులో మనుషులు సగం మాట మాట్లాడుకుని దిగిపోతారు. "డాక్టరు ఏమన్నాడంటే..." అని ఒకరు మొదలుపెడతారు, తలుపు తెరుచుకుంటుంది. ఆ డాక్టరు ఏమన్నాడో ఆయనకు ఎప్పుడూ తెలియలేదు. స్ట్రెచరు వస్తే ఆయన తలుపు పైన మారే అంకెల్ని చూస్తూ నిలబడేవాడు. ఒక్కోసారి ముసలివాళ్ళ మణికట్లు గుడ్డపేలికలతో ఊచలకు కట్టేసి ఉండేవి. అప్పుడైతే అంకెల మీంచి చూపు తిప్పేవాడే కాదు.

మతిమరుపు జబ్బుతో చేరిన ముసలివాళ్ళ దగ్గర ఊరికే కూర్చోవడానికి మనుషులు కావాలని ఆసుపత్రివాళ్ళు అడిగినప్పుడు, జీతం లేదని చెప్పినా, సరే అన్నాడు.

భార్యకు అది మింగుడు పడలేదు. ఈ రోజు పొద్దున కూడా అంది. "ఇంట్లో మాట్లాడటానికి నేనొకదాన్ని ఉన్నాను కదా. కాకపోతే నాకు అన్నీ గుర్తుంటాయి. అదే మీకు ఇబ్బంది."

"నీకు గుర్తుండేవన్నీ నా తప్పులేనే," అన్నాడాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఎడమ భుజం లాగుతోంది.

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే ఆయన ముఖంలోకి చూసి, "ఒక్కరోజు మానితే కొంపలేం మునగవు," అంది.

మునగవు, నిజమే. అయినా ఆయన చెప్పులు వేసుకున్నాడు.

వార్డు గుమ్మంలోనే నర్సు ఎదురైంది. రాత్రంతా నిద్ర లేక ఆమె కళ్ళ కింద ఉబ్బి ఉంది.

"బాబాయ్, మీ దర్జీగారు మళ్ళీ సెలైన్ పీకేసుకున్నారు. దుప్పటంతా రక్తం. ఈ రోజు గనక ఇంకోసారి పీకితే చేతులు కట్టేయమన్నారు డాక్టరుగారు."

"కట్టేస్తారా?"

"నాకు మాత్రం సరదానా? వార్డు నిండా ఇంతమంది, ఉన్నది నేనొక్కదాన్ని. మందు లోపలికి పోకపోతే జ్వరం తగ్గదు."

ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఆయన కిటికీ పక్క మంచం వైపు చూశాడు. పేలికలు అప్పుడే తెచ్చి ఊచకు వేలాడదీశారు. ముడి వేయడమే తరువాయి.

మంచం మీద దర్జీ కూర్చుని ఉన్నాడు. పిడికెడు మనిషి. మెడ వంగిపోయి ఉంది, చూపుడువేలి చివర మాత్రం ఇప్పటికీ గట్టిగా, కాయగాచి ఉంది. చేతికి మళ్ళీ గుచ్చిన సెలైన్ గొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పరీక్షగా చూస్తున్నాడు. బట్ట మీద వదిలేసిన దారం పోగును దర్జీ ఎలా చూస్తాడో అలా.

ఆ చూపు ఎందుకో లిఫ్టాయనకు ఇన్నాళ్ళకు ఈ పొద్దునే తెలిసింది. గొట్టం మీద కోపం కాదు. పోగు వేలాడుతుంటే చెయ్యి ఊరుకోదు.

"బావా!" అని పిలిచాడు. దర్జీకి మొదటి రోజు నుంచీ ఆయన బావే. ఏ బావో ఎవరికీ తెలియదు.

"ఇప్పుడా రావడం? గిరాకీ వచ్చి కూర్చుంది. నేనొక్కణ్ణి ఎంతకని కుట్టను?"

"నా చొక్కా అయిందా?"

"రేపు," అన్నాడు దర్జీ, తల ఎత్తకుండా.

"రేపు రేపంటూ ఏడాది తిప్పావు. ఇదిగో, ముందు దీని సంగతి చూడు. అంచు ఊడిపోతోంది." లిఫ్టాయన ఒంటి మీది చొక్కా కొసను దర్జీ చేతిలో పెట్టాడు.

దర్జీ గొట్టం వదిలేశాడు. చొక్కా అంచును వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఎవడయ్యా దీన్ని కుట్టింది? కళ్ళకు గంతలు కట్టుకుని కుట్టాడా?"

"నువ్వే బావా."

"నేనా? ఛ. నేనైతే డబ్బులు తీసుకునేవాణ్ణి కాదు."

పక్క మంచం ముసలాయన కిసుక్కున నవ్వాడు. దర్జీ గోరుతో ఒక్కో కుట్టూ పట్టి లాగడం మొదలుపెట్టాడు. చొక్కా ఒంటి మీద ఉండటంతో లిఫ్టాయన కుర్చీలో ముందుకు వంగే కూర్చోవాలి. నడుము నొప్పి పుట్టింది. భుజం లాగడం మోచేతి దాకా దిగింది. కదిలితే బట్ట జారుతుంది, బట్ట జారితే ఆ చెయ్యి గొట్టం మీదికి పోతుంది. కదల్లేదు.

మధ్యాహ్నం నర్సు పాలు, రొట్టె తెచ్చింది. దర్జీ ఒక ముక్క తిని, ఒక ముక్క దాచి, పాలు మాత్రం మొత్తం తాగాడు. సెలైన్ సీసా సగానికి దిగింది. నర్సు దర్జీని వదిలేసి లిఫ్టాయన్నే చూసింది.

"ఏంటి బాబాయ్, అలా పాలిపోయారు? చెమటలు కూడా పట్టాయి. రండి, బీపీ చూస్తాను."

"గ్యాస్ అమ్మా. పొద్దున సరిగ్గా తినలేదు."

"అయితే ఇంటికెళ్ళండి."

"వెళ్తే ఇవి కట్టేస్తావుగా." ఊచకున్న పేలికల వైపు గడ్డం చూపించాడు. "ఈ సీసా అవనీ. సాయంత్రం చూద్దువుగాని."

అటు ఎవరో గట్టిగా పిలవడంతో ఆమె పరుగెత్తింది.

చొక్కా అంచు పూర్తిగా ఊడింది. ఇక కుట్లు లేవు. దర్జీ వేళ్ళు దుప్పటి మీద వెతుక్కుంటూ గొట్టం వైపు జరిగాయి. లిఫ్టాయన పక్క మంచం ముసలాయన్ని అడిగి ఒక కమలాపండు తీసుకుని ఆ వేళ్ళ మధ్య పెట్టాడు.

"అస్తరు విప్పు బావా," అన్నాడు.

దర్జీ పండును అటూ ఇటూ తిప్పాడు. తొడిమ దగ్గర గోరు దించి, తొక్క ఎక్కడా తెగకుండా ఒకే పట్టీగా తీయడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చింది. లిఫ్టాయన అప్పటికి వెనక్కి వాలాడు. వీపుకు కుర్చీ తగిలితే ఎంత సుఖంగా ఉందో.

"బావా," అన్నాడు కళ్ళు మూసుకునే, "ఆ రోజు డాక్టరు ఏమన్నాడంటావ్?"

దర్జీ ఆలోచించాడు. "మందులు రాసిచ్చాడు. అంతా నయమవుతుందన్నాడు."

"హమ్మయ్య," అన్నాడు లిఫ్టాయన.

దీపాలు వేసే వేళకు నర్సు కొత్త సీసా తీసుకుని వచ్చింది. వస్తూనే ఊచ వైపు, తర్వాత దర్జీ చేతి వైపు చూసింది. సూది ఉన్నది ఉన్నట్టే ఉంది. సీసా ఖాళీ అయింది. దర్జీ తన దుప్పటి తీసి లిఫ్టాయన మోకాళ్ళ మీద కప్పి, అంచులు సమంగా సర్ది, ఆయన చేతిని తన అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"ష్..." అన్నాడు నర్సుతో. "ఇప్పుడే కునుకు తీశాడు. పొద్దున్నుంచీ ఒకటే పని."

నర్సు లిఫ్టాయన మణికట్టు పట్టుకుంది. మెడ దగ్గర వేళ్ళు ఆనించింది. గట్టిగా పిలిచింది. మనుషులు వచ్చారు, మంచం చుట్టూ తెర లాగారు. చాలాసేపటికి స్ట్రెచరు వచ్చింది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అన్నాడు దర్జీ.

"ఇంటికి తాతా," అంది నర్సు. "వాళ్ళావిడ ఎదురుచూస్తోంది."

"మెల్లగా తీసుకెళ్ళండి. నిద్ర చెడుతుంది."

ఆమె కొత్త సీసా తగిలించింది. తర్వాత ఊచకున్న పేలికలు తీసి, చుట్టచుట్టి, తన జేబులో కుక్కుకుంది. దర్జీ ఆమెను పట్టించుకోలేదు. ఖాళీ కుర్చీ వైపు తిరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మంచం పక్క బల్ల మీద సగం కమలాపండు ఉంది, పీచు కూడా లేకుండా ఒలిచి, తొనలు విడిపోకుండా, ఈగలు వాలకుండా గాజుగ్లాసు బోర్లించి.